ఎండాకాలం వచ్చేది సూర్యుడు దగ్గరైనందుకు కాదు

నమస్తే అండీ. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, బెంగళూరులో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఒకటే మాట, "భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్లింది, అందుకే ఇంత ఎండ" అని. పెద్దవాళ్లు అంటారు, పిల్లలు నమ్మేసి పరీక్షలో కూడా అదే రాస్తారు. నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే అసలు సంగతి దీనికంటే ఎంతో బావుంటుంది.

భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అంటే మనం భోగి మంట ముందు చలి కాచుకోవడానికి పది రోజుల ముందు! జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. ఈ తేడా వల్ల భూమికి అందే ఎండ ఏడు శాతం దాకా మారుతుంది, నిజమే, కానీ కాలాలను నడిపించేది భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం, సూర్యుడి చుట్టూ తిరిగినంత సేపూ ఆ ఒరుగు ఒకే దిక్కుకు ఉండటం.

ఇక్కడ బెంగళూరులో మీ మిద్దె మీద మీటరు పొడవు కర్ర ఒకటి నిటారుగా నిలబెట్టండి. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు 74 సెంటీమీటర్లు పడుతుంది. అక్కణ్ణుంచి రోజురోజుకీ తగ్గుతూ వచ్చి ఏప్రిల్ 24న 12:17 ప్రాంతంలో పూర్తిగా మాయమవుతుంది, సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. జూన్ 21కి నీడ మళ్లీ 18 సెంటీమీటర్లు ఉంటుంది, కానీ ఈసారి దక్షిణం వైపు, ఎందుకంటే సూర్యుడు మనకు ఉత్తరానికి వెళ్లిపోయాడు! ఆగస్టు 18న ఇంకోసారి మాయం. ఢిల్లీలో ఆ కర్రకు మధ్యాహ్నం నీడ లేని రోజే ఉండదు, అంత ఉత్తరాన సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు.

నీడ పొడవుగా ఉందంటే ఎండ ఏటవాలుగా పడుతోందని. నెత్తి మీద సూర్యుడుంటే ఒక చదరపు మీటరులో పడే ఎండ, డిసెంబరులో దాదాపు ఒకటింబావు చదరపు మీటర్లకు పరుచుకుంటుంది. పైగా ఇక్కడ డిసెంబరు పగలు జూన్ పగటి కంటే గంటన్నర చిన్నది. చలి అందుకే.

మరి ఆగస్టులోనూ నీడ మాయమైంది కదా, ఏప్రిల్ లాంటి ఎండ ఏదీ? మబ్బులు, వానలు అడ్డం. చెన్నైలోనూ కర్ర నీడ దాదాపు ఇంతే, కానీ మనం 900 మీటర్ల ఎత్తున ఉన్నాం కాబట్టి మనకు చల్లగా ఉంటుంది, వాళ్లకు ఉక్కపోత.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. ఆ ఒరుగు జూన్‌లో ఉత్తరార్ధాన్ని సూర్యుడి వైపు వంచితే డిసెంబరులో దక్షిణార్ధాన్ని వంచుతుంది, మెల్‌బోర్న్‌లో ఉన్న మన చుట్టాలకు క్రిస్మస్ ఎండాకాలంలో వచ్చేది అందుకే. పగలూ రాత్రీ భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల, అది మీకు తెలిసిందే, కానీ ఒక చుట్టుకి పట్టేది 23 గంటల 56 నిమిషాలు. ఈలోగా భూమి తన దారిలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరిగిపోతుంది, కాబట్టి సూర్యుణ్ణి మళ్లీ మన కర్రకు ఎదురుగా తేవడానికి ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా ఉదయించేది కూడా దీనివల్లే.