బొడ్డు చెమ్మ, ఆకుపచ్చ వాంతి

శ్రోతలందరికీ నమస్కారం.

'పేగు తెంచుకు పుట్టిన బిడ్డ' అంటాం. బొడ్డుతాడుని చాలా ఇళ్లలో బొడ్డుపేగు అనే పిలుస్తారు. నిజానికి ఆ తాడులో ఉండేవి పేగులు కావు, రెండు ధమనులు, ఒక సిర. అలాగని మన మాట పూర్తిగా తప్పూ కాదు. పిండానికి 6వ వారం వచ్చేసరికి పొట్టలో చోటు చాలక పేగులు బొడ్డుతాడు మొదట్లోకి వెళ్తాయి. అక్కడే పెరిగి, 10వ వారం ప్రాంతంలో మలుపు తిరుగుతూ వెనక్కి వచ్చి సర్దుకుంటాయి. మనందరి పేగులూ కొన్నాళ్లు బొడ్డులో ఉండి వచ్చినవే.

ఆ రోజుల్లోనే పేగుకీ బొడ్డుకీ మధ్య ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మామూలుగా అది మూడో నెలకల్లా కరిగిపోతుంది. కొందరిలో కరగదు. గొట్టమంతా తెరిచే ఉండిపోతే బొడ్డులోంచి మలం వస్తుంది. పేగు వైపు కొన మాత్రమే మిగిలితే దాన్ని మెకెల్ తిత్తి అంటారు. నూటికి ఇద్దరిలో ఉంటుంది, చాలామందికి జన్మంతా దాని ఊసే తెలియదు. నన్ను ఎక్కువ భయపెట్టేది మూడోది. గొట్టం మూసుకుపోయి దారంలా మిగిలిపోతుంది. పైకి బొడ్డు చక్కగానే ఉంటుంది. లోపల ఏదో ఒకనాడు పేగు ఆ దారం చుట్టూ మెలిపడి బిగుసుకుంటుంది.

నేను పిల్లల సర్జరీ వార్డులో పనిచేస్తున్నప్పుడు పద్దెనిమిది రోజుల బాబుని తీసుకొచ్చారు. బొడ్డు ఎనిమిదో రోజునే ఊడింది, చెమ్మ మాత్రం ఆరలేదు. పసుపు పెట్టారు, పౌడరు చల్లారు. నేను చూసేసరికి బొడ్డు గుంటలో దానిమ్మ గింజంత ఎర్రటి కండ, నిగనిగలాడుతూ ఉంది. అలాంటి కండ చాలామంది పిల్లల్లో వస్తుంది, మందు రాస్తే మాడిపోతుంది. ఇదీ అదే అనుకునేదాన్ని. ఆ బాబు అమ్మమ్మ కొంగుముడి విప్పి, పాత చీర చింపిన గుడ్డముక్క నా చేతిలో పెట్టింది. దాని మీద పసుపు మరక. "వాసన చూడమ్మా. ఇది చీము కాదు, దొడ్డి వాసన" అంది. ఆ కండ నడుమ చిన్న రంధ్రం కనిపించింది. సన్నటి గొట్టం దూరిస్తే నేరుగా పేగులోకే వెళ్లింది. ఆపరేషను చేశాం, బాబు కోలుకున్నాడు. ఆ గుడ్డ ఉతికేసి ఉంటే మందు రాసి పంపేసేదాన్నేమో.

బొడ్డులోంచి నీళ్లలా వచ్చి మూత్రం వాసన వేసినా అంతే, అది మూత్రాశయం నుంచి మిగిలిపోయిన దారి కావచ్చు. ఇక ఏడ్చినప్పుడు బొడ్డు ఉబ్బి, నొక్కితే లోపలికి పోతుంటే భయం లేదు. చాలావరకు నాలుగైదేళ్లకు దానంతట అదే సర్దుకుంటుంది. రూపాయి బిళ్ల పెట్టి కట్టు కట్టకండి, కింద చర్మం ఒరుసుకుపోతుంది.

కాన్పులు చేసే అమ్మలకు ఒక విన్నపం. బొడ్డుతాడు మొదలు మామూలుకన్నా లావుగా ఉంటే అక్కడ క్లిప్పు బిగించకండి. లోపలికి రాకుండా మిగిలిపోయిన పేగు మెలిక అందులో ఉండొచ్చు. పొట్టకు దూరంగా క్లిప్పు పెట్టి డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు వాంతి సంగతి. "పచ్చగా కక్కాడమ్మా" అంటారు తల్లులు. మన భాషలో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. అందుకని ఏ పచ్చ అని అడుగుతాను. ముర్రుపాలు తాగిన బిడ్డ కక్కితే పసుపుగా ఉండొచ్చు. పాలకూర రసంలా ఆకుపచ్చగా ఉంటే అది పైత్యరసం. జీర్ణాశయం దాటాక పేగులో కలవాల్సిన రసం పైకి వస్తోందంటే, కింద దారి మూసుకుపోయి ఉండొచ్చు. పేగు మెలిపడిందేమోనన్నదే మాకు మొదటి అనుమానం. మెలిపడిన పేగుకి రక్తం అందదు, కొన్ని గంటల్లోనే నల్లబడి చచ్చిపోతుంది. పొట్ట ఉబ్బలేదు కదా అని ధైర్యపడకండి, పైభాగంలో అడ్డుపడితే పొట్ట మెత్తగానే ఉంటుంది. తారులాంటి తొలి మలం 24 గంటలైనా రాకపోయినా చూపించాల్సిందే.

దిష్టి తీయండి, కాదనను, కానీ ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేస్తూ ఉండాలి. వాము నీళ్లు, గ్రైప్ వాటర్ పట్టకండి. ఆకుపచ్చ వాంతి అయ్యాక పాలు కూడా ఆపేయండి. బిడ్డ ఒళ్లు చల్లబడకుండా తల్లి గుండెకు హత్తుకుని బయలుదేరండి. దారిలో ఆరోగ్య కేంద్రం ఉంటే ముక్కులోంచి గొట్టం వేయించండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. చిన్నపిల్లల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లండి.

కాన్పయ్యాక 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు, అలా 42వ రోజు దాకా ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ గుడ్డలు విప్పి బొడ్డు చూపించండి. మరక పడిన గుడ్డ ఉంటే ఉతక్కుండా ఆమె చేతికి ఇవ్వండి.

సెలవు.