35 లోపు ఉందని ఊరుకోవద్దు

వేదిక మీది పెద్దలకు, తిరుపతి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారం. గర్భసంచి క్యాన్సర్‌లో రక్తపరీక్షలు ఏం చెబుతాయో వివరించమన్నారు. చెబుతాను. అంతకన్నా ముందు ఒకావిడ సంగతి చెప్పాలి.

చంద్రగిరి వైపు ఆవిడ. ముట్లు నిలిచి ఏళ్లయినాక మళ్లీ ఎర్రబట్ట కనబడింది. ఎవరో సీఏ-125 అనే రక్తపరీక్ష చేయించమన్నారు. 18 వచ్చింది. పక్కనే ‘35 లోపు నార్మల్’ అని అచ్చు. ‘ఏమీ లేదులే అత్తా’ అంది కోడలు. ఆరు నెలలు గడిచాయి. ముక్క పరీక్షకని, అంటే బయాప్సీకని, నా మైక్రోస్కోపు కిందికి వచ్చేసరికి జబ్బు ముదిరిపోయింది.

కోడలిని ఏమనగలం? ఆ పరీక్ష ఒక్కటే రాసి పంపేసినవాళ్ల మీదే నా కోపం. ఇన్నేళ్లయినా తగ్గలేదు.

తొలి దశలో ఈ క్యాన్సర్ ఉన్న చాలామందికి సీఏ-125 మామూలుగానే ఉంటుంది. గడ్డలున్నా, కడుపులో టీబీ ఉన్నా, నెలసరి రోజుల్లోనూ క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది. మరి దేనికి పనికొస్తుంది? ముక్క పరీక్షలో జబ్బు తేలినాక, ఆపరేషన్‌కు ముందు అది బాగా ఎక్కువుంటే గర్భసంచి దాటిందేమో, లింఫ్ గ్రంథులకు చేరిందేమో అని సర్జన్ జాగ్రత్తపడతారు. హెచ్‌ఈ4 అనే మరో రక్తపరీక్ష కూడా అంతే. రక్తంలోని తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం లింఫోసైట్లు అనే రకం కన్నా బాగా మించినా, ప్లేట్‌లెట్లు ఎక్కువున్నా జబ్బు మొండిదేమోనని అనుమానిస్తారు. కానీ జ్వరమొచ్చినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి కదమ్మా! వాటిని చూసి ఆయుష్షు లెక్కగట్టకండి.

జబ్బు కండరంలోకి ఎంత లోతు దిగింది, కణాల తీరేమిటి, గ్రంథుల్లో ఉందా, వీటిని బట్టే ముందేమవుతుందో చెప్పగలం. 2013 నుంచి జన్యువుల లెక్క కూడా కలిసింది. పోల్ అనే జన్యువులో మార్పున్న కణితి మైక్రోస్కోపులో భయంకరంగా కనబడ్డా ఆ మనిషి చాలావరకు బాగుంటుంది. పీ53 అనే జన్యువు చెడినదైతే గట్టి చికిత్స కావాలి. ఇదంతా ముక్క తీస్తేనే తెలుస్తుంది, అక్కా. ముక్క తీస్తేనే!

ముట్లు నిలిచినాక ఒక్క చుక్క కనబడినా సిగ్గుపడకండి. మనకు ప్రసూతి ఆస్పత్రి ఉంది, స్విమ్స్ ఆస్పత్రి ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి దగ్గర. స్కానింగులో గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీయించండి. అంతకు తక్కువున్నా ఎర్రబట్ట ఆగకపోతే, తీయమని మీరే అడగండి.

భోజనాలయ్యాక నేనిక్కడే ఉంటాను. కాగితాలు తెచ్చినవాళ్లు రండి. అయితే అంకె తర్వాత చూద్దాం, ఎర్రబట్ట ఎప్పటి నుంచి అవుతోందో అది చెప్పండి ముందు.