బండి డాక్టర్ ఫోన్-ఇన్: పాత లారీ సెల్ఫ్ మూలుగుతుంటే

(రేడియో ప్రసారపాఠం. స్టూడియోలో అతిథి, విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా సెల్ఫ్, డైనమో పని చేస్తున్న ఎలక్ట్రీషియన్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం లారీల సెల్ఫ్ మోటార్, అంటే కీ తిప్పగానే ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటార్ గురించి. ఇంకా మాట మొదలుపెట్టకముందే ఫోన్ వచ్చేసింది. హలో, ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారండీ?

కోదాడ శ్రోత: కోదాడ నుంచి మేడమ్. నాది పాత టాటా, ఆరు సిలిండర్ల బండి. పొద్దున బాగానే స్టార్టవుతుంది. లోడు మీద మూడు గంటలు తోలి, టీకి ఆపి మళ్లీ కీ తిప్పితే ఊఁ... ఊఁ... అని మూలుగుతుంది. ఎక్కడ ఆపినా పల్లం చూసుకుని ఆపుతున్నా. క్లీనరు ఈ బండికి నేను రానని వెళ్లిపోయాడు.

ఎలక్ట్రీషియన్: (నవ్వు) నెట్టలేకన్నమాట. సెల్ఫ్ ఎప్పుడన్నా విప్పించారా?

కోదాడ శ్రోత: పోయిన నెలలోనే లోపల కరెంటు అందించే కార్బన్లు మార్పించానన్నా. అయినా అంతే. ఇప్పుడు మొత్తం సెల్ఫే కొత్తది వేయమంటున్నారు.

ఎలక్ట్రీషియన్: కార్బన్లు మార్చారు సరే, బుష్షులు మార్చారా?

కోదాడ శ్రోత: అదేం అడగలేదు. బిగించి ఇచ్చారు, తెచ్చుకున్నా.

ఎలక్ట్రీషియన్: అక్కడే పొరపాటు. అందరూ కార్బన్ల వెంట పడతారు. లోపల తిరిగే భాగం ఆర్మేచర్, అది రెండు చివరలా చిన్న కంచు బుష్షుల్లో తిరుగుతుంది. ఆర్మేచర్‌కీ చుట్టూ కదలకుండా ఉండే పోల్ షూలనే ఇనుప ముక్కలకీ మధ్య సందు చాలా తక్కువ. బుష్షు కాస్త అరిగిందంటే ఆర్మేచర్ ఒక పక్కకు వాలి పోల్ షూలకు రాసుకుంటుంది. ఇక ఇంజిన్ తిప్పాల్సిన బలం ఆ రాపిడికే పోతుంది. వేడిమీద ఇంకా ఎక్కువ తెలుస్తుంది. విప్పి చూస్తే ఆర్మేచర్ మీద గీతలు తళతళా మెరుస్తుంటాయి. అలా ఉంటే కొత్త కార్బన్లు ఎన్ని వేసినా డబ్బు దండగ.

కోదాడ శ్రోత: అయితే రేపే విప్పించేస్తా.

ఎలక్ట్రీషియన్: ఆగండాగండి. విప్పే ముందు కరెంటు సెల్ఫ్ దాకా సరిగా వస్తోందో లేదో చూడాలిగా. మీది 24 వోల్టుల బండి, 12 వోల్టుల బ్యాటరీలు రెండు. నిండా చార్జింగ్ ఉంటే ఒక్కోటి 12.6 దాకా చూపించాలి. మీటరు ఉందా మీ దగ్గర?

కోదాడ శ్రోత: లేదన్నా. టెస్టు లైటు ఉంది.

ఎలక్ట్రీషియన్: సరే, చేత్తోనే చూద్దాం. బండి ఎక్కడుంది?

కోదాడ శ్రోత: ఇంటిముందే.

ఎలక్ట్రీషియన్: న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజిన్ ఆపే కేబుల్ లాగి పట్టుకుని పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. డీజిల్ రాదు కాబట్టి స్టార్టవదు. ఆపాక ఒక్కో చోట తాకి చూడండి. బ్యాటరీ క్లిప్పులు, రెండు బ్యాటరీలను కలిపే వైరు, సెల్ఫ్ దగ్గరి నట్టు, ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ బోల్టు. వాటిలో ఏది కాలుతుంటే దొంగ అక్కడున్నట్టు. సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది మరి, కాస్త తుప్పు పట్టినా దానికి గోడ కట్టినట్టే. మెల్లగా తాకండి, కాలుతుంది. అన్నట్టు ఈమధ్య బండికి రంగేమైనా వేయించారా?

కోదాడ శ్రోత: ఎఫ్‌సీకి, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి వేయించానన్నా, రెండు నెలలైంది.

ఎలక్ట్రీషియన్: అయితే ముందు ఎర్త్ బోల్టు దగ్గరకే వెళ్లండి.

వ్యాఖ్యాత: చూసొచ్చి మళ్లీ చేయండి, కార్యక్రమం అయ్యేలోపు లైన్ కలుపుతాం. తర్వాతి ఫోన్... హలో?

తాడేపల్లిగూడెం శ్రోత: నమస్కారమండీ. మాది తాడేపల్లిగూడెం. మా ఆయన డీసీఎం వ్యాన్ తోలతారు, డబ్బుల లెక్క నాది. ఏడాదిలో రెండు సెల్ఫులు మార్చాం అన్నయ్యగారూ! ఇప్పుడు మళ్లీ కర్ర్‌మని గీసుకుంటోంది. గేర్లో వేసి బండిని కాస్త ముందుకు నెడితే స్టార్టవుతోంది.

ఎలక్ట్రీషియన్: నాలుగు సిలిండర్ల బండేనా అమ్మా?

తాడేపల్లిగూడెం శ్రోత: అవునండీ.

ఎలక్ట్రీషియన్: అయితే ఆ రెండు సెల్ఫుల తప్పు కాకపోవచ్చు. ఆపినప్పుడు ఇంజిన్ ఇష్టమొచ్చిన చోట ఆగదమ్మా. సిలిండర్‌లో గాలి నొక్కుకునే చోట, అంటే కంప్రెషన్ దగ్గర వెనక్కి తగ్గి, నాలుగు సిలిండర్లదైతే దాదాపు రెండే చోట్ల ఆగుతుంది. ఆరు సిలిండర్లదైతే మూడు చోట్ల. అంటే ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం చుట్టూ, సెల్ఫ్ పట్టుకునే రింగ్ గేర్‌లో ఎప్పుడూ ఆ పళ్లే దెబ్బ తింటాయి, మిగతావి కొత్తవాటిలా ఉంటాయి. మీరు బండి నెట్టినప్పుడు మంచి పళ్లు ఎదురొస్తున్నాయి, పట్టుకుంటోంది. అరిగిన రింగ్ మీద కొత్త సెల్ఫ్ వేస్తే దాని పళ్లను కూడా తినేస్తుంది.

తాడేపల్లిగూడెం శ్రోత: అయ్యో, రెండు సార్లు పోశాం కదండీ డబ్బు!

ఎలక్ట్రీషియన్: సెల్ఫ్ తీసినప్పుడు ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజిన్ మెల్లగా తిప్పుతూ చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది. రింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. దాన్ని వేడి చేసి, సాగాక ఫ్లైవీల్‌కి ఎక్కిస్తారు. చల్లారితే అదే బిగిసిపోతుంది. గేర్‌బాక్స్ ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు కూడా చూపించుకోండి, కూలీ ఒకటే. ఇంకోమాట, పని అయ్యాక పాత సామాను మీ చేతికి ఇమ్మనండి. ఇవ్వననే వాడి దగ్గరకు మళ్లీ వెళ్లకండి.

వ్యాఖ్యాత: ఒక మెసేజ్ ఉంది. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం కదలట్లేదట.

ఎలక్ట్రీషియన్: బెండిక్స్, అంటే సెల్ఫ్ తిరుగుడుని రింగ్‌కి అందించే భాగం, జారుతోంది. చాలావరకు అదొక్కటి మారిస్తే చాలు.

వ్యాఖ్యాత: ఇంకొకరికి టకటకటకమని కొట్టుకుంటోందట.

ఎలక్ట్రీషియన్: బ్యాటరీ, క్లిప్పులు చూసుకోమనండి. ఒక్కసారే టక్ అని ఊరుకుంటే అది వేరే కథ, సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చు లాంటి సోలినాయిడ్ లోపల కాంటాక్టులు కాలి ఉండొచ్చు, కార్బన్లు ఇరుక్కుని ఉండొచ్చు. రాడ్డుతో కొడితే స్టార్టవుతుంది చూశారా, ఆ ఇరుక్కున్న కార్బన్ కదలడం వల్లే. ఇల్లు చేరేదాకా పనికొస్తుంది, అలవాటు చేసుకోకూడదు.

వ్యాఖ్యాత: కోదాడ వారు మళ్లీ లైన్లోకి వచ్చారు. చెప్పండి.

కోదాడ శ్రోత: అన్నా, ఎర్త్ బోల్టు చుర్రుమంది! వాషర్ కింద ఎర్ర రంగు మందంగా ఉంది.

ఎలక్ట్రీషియన్: చూశారా! ఆ రంగే కరెంటుకు అడ్డు. బ్యాటరీ ఎర్త్ క్లిప్పు తీసేసి, ఆ బోల్టు విప్పి, ఇనుము తెల్లగా కనబడేదాకా గీకి బిగించండి. రేపు లోడుతో వెళ్లి వేడిమీద చూడండి.

కోదాడ శ్రోత: అప్పుడూ మూలిగితే?

ఎలక్ట్రీషియన్: అప్పుడు విప్పించండి, దగ్గరే నిలబడండి. బుష్షులు కొత్తవి వేసే ముందు రాత్రంతా ఇంజిన్ ఆయిల్లో నాననివ్వమనండి, వాటిలోకి నూనె ఇంకాలి. కమ్యుటేటర్, అంటే ఆర్మేచర్ మీద కార్బన్లు రాసుకునే రాగి భాగం, గుంటలు పడితే లేత్ మీద సన్నగా తీయించాలి, ఎమరీ కాగితంతో రుద్దనివ్వకండి, ఆ పొడి సందుల్లో దూరితే షార్టవుతుంది. ఆర్మేచర్‌ని, షార్టు ఉంటే పట్టిచ్చే గ్రౌలర్ మీద పెట్టి చూడమనండి.

కోదాడ శ్రోత: ఆర్మేచరే కాలిపోతే?

ఎలక్ట్రీషియన్: అప్పుడు కొత్త సెల్ఫ్ వేయడమే మేలు. ఆర్మేచర్, బుష్షులు, బెండిక్స్ అన్నీ విడివిడిగా కొని కూలీ కలిపితే కొత్తదాని ధర దగ్గరకే వస్తుంది. కొనేటప్పుడు పాతది పక్కన పెట్టుకుని వోల్టులు, రింగ్‌ని పట్టుకునే చిన్న గేరు, పినియన్ పళ్లు లెక్కపెట్టి, తిరిగే దిశ, బోల్టు రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఒక్క పన్ను తేడా వచ్చినా రింగ్ పోతుంది.

కోదాడ శ్రోత: సరే అన్నా. క్లీనరుకి ఫోన్ చేసి రమ్మంటా.

ఎలక్ట్రీషియన్: రేపు వేడిమీద స్టార్టయ్యాక చేయండి.