ఎన్నిక పూట అధ్యక్ష పీఠం ఎవరిది?

శ్రోతలకు నమస్కారం. హనుమకొండ, కాజీపేట, వరంగల్... ఎటు వెళ్లినా కాలనీ సంక్షేమ సంఘం బోర్డు ఒకటి కనిపిస్తుంది. విశ్రాంత ఉద్యోగుల సంఘాలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, కుల సంఘాలు వీటికి అదనం. రెండేళ్లకో మూడేళ్లకో వీటన్నిటికీ కార్యవర్గ ఎన్నికలు వస్తాయి. ఆ పూట సభకు అధ్యక్షత ఎవరు వహించాలి?

సాధారణంగా జరిగేది మీరూ చూసే ఉంటారు. పాత అధ్యక్షుడే వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చుంటారు. వార్షిక నివేదిక, జమాఖర్చుల ఆమోదం ముగిసేసరికి పక్కన వంటల వాసన మొదలవుతుంది. అప్పుడు ఒకరు లేచి పాత కార్యవర్గాన్నే కొనసాగిద్దామంటారు. మరొకరు బలపరుస్తారు. ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని మైకులో అడిగేది, ఆ తీర్మానంతో మళ్లీ పదవి దక్కే మనిషే. కాదనాలంటే ఆయన ముఖం చూస్తూ చేయి ఎత్తాలి. అంత మొండితనం ఎందరికి ఉంటుంది? చప్పట్లు మోగుతాయి, మినిట్స్ పుస్తకంలో ‘ఏకగ్రీవం’ అని రాసేస్తారు. నిజంగానే అందరికీ ఆయన ఇష్టమై ఉండవచ్చు. అయితే పెళ్లికొడుకే పురోహితుడైన చోట ఆ సంగతి తేలదు.

మన రాజ్యాంగం ఈ చిక్కును ముందే ఊహించింది. శాసనసభలో స్పీకరును తొలగించే తీర్మానం చర్చకు వచ్చినప్పుడు ఆయన అధ్యక్షత వహించరాదని 181వ అధికరణం చెబుతుంది. సభలో ఉండవచ్చు, మాట్లాడవచ్చు, సభ్యుడిగా ఓటూ వేయవచ్చు. ఆ పీఠం మీద మాత్రం కూర్చోకూడదు. కొత్త సభ కొలువుదీరితే, స్పీకరు ఎన్నికయ్యేదాకా సభ నడిపేది గవర్నరు నియమించిన ప్రొటెం స్పీకరు.

వేరే అభిప్రాయమూ ఉంది. అమెరికాలో హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు 1876లో ప్రచురించిన సభా నియమాలను అక్కడి సంఘాలు నేటికీ పాటిస్తున్నాయి. అధ్యక్షుడు తానే అభ్యర్థి అయినా ఎన్నిక నడిపించవచ్చని ఆ సంప్రదాయం అంటుంది. కానీ బ్యాలెట్ పెట్టినప్పుడు అక్కడ ఓట్లు లెక్కించేందుకు వేరే మనుషులను నియమిస్తారు. మన సంఘాల్లో సభ్యుల జాబితా, రసీదు పుస్తకం, ముద్ర, మైకు అన్నీ ఒకే వర్గం చేతిలో ఉంటాయి. కాబట్టి ఆ సౌలభ్యం మనకు పనికిరాదని నా అభిప్రాయం. అధ్యక్షుడు పోటీలో లేకున్నా ఆయన బావమరిది ఉంటే ఇదే మాట వర్తిస్తుంది.

అసలు తగవు పుట్టేది ఓటర్ల జాబితాలో. చందా బకాయి పడ్డవారికి ఓటుందా? గడువు దాటాక పాత తేదీ వేసి ఇచ్చిన రసీదు చెల్లుతుందా? ఇల్లు కిరాయికి ఇచ్చి హైదరాబాదులో ఉంటున్న యజమానికి ఓటా, ఇక్కడ ఉంటున్న కిరాయిదారుకా? ఇంటికి ఒక ఓటా, దంపతులకు రెండా? ఇవన్నీ పోలింగ్ రోజు ఉదయం తేలేవి కావు. అందుకే ఎన్నికల అధికారిని నామినేషన్లకు ముందే తీర్మానం చేసి నియమించుకోవాలి. రసీదు పుస్తకం అడుగు కాగితాలతో సహా ఆయన ముందు పెట్టాలి. నామినేషన్ల పరిశీలన, చెల్లని ఓట్ల నిర్ణయం కూడా ఆయనకే వదిలేయాలి.

అలాంటి మనిషి దొరకడా అంటారేమో. ఎన్నికల డ్యూటీలు చేసి చేసి ఆరితేరిన రిటైర్డ్ ఉపాధ్యాయులకు ఓరుగల్లులో కొదవ లేదు. పక్క కాలనీ ఆయనైతే మరీ మంచిది, ఇక్కడ ఓటుండదు. సంఘానికి సలహాలిచ్చే వకీలును మాత్రం పిలవకండి. రేపు తగాదా వస్తే ఆయన ఎవరి పక్షాన నిలబడాలి?

ఓట్లు సమానమైతే కొన్నిచోట్ల అధ్యక్షుడు నిర్ణాయక ఓటు వేస్తానంటారు. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లోనే ఆ పద్ధతి లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్కడ లాటరీ తీస్తారు. మీ నిబంధనావళిలోనూ ఆ ఒక్క వాక్యం చేర్చుకోండి.

ఇవేవీ పట్టించుకోకపోతే ఏమవుతుంది? ఒకే సంఘం పేరుతో రెండు కార్యవర్గాల జాబితాలు రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్తాయి. ఎవరి సంతకం చెల్లుతుందో తెలియక బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. వాచ్‌మన్ జీతం ఆగిపోతుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇలాంటి వివాదం మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో చేరుతుంది. అక్కడ మొదట అడిగేది మినిట్స్ పుస్తకం. ఎన్నికల అధికారిని ఏ తేదీన, ఏ తీర్మానంతో నియమించారో అందులో రాసి ఉండాలి. ఫలితాల కింద సంతకం ఆయనదై ఉండాలి. నమస్కారం.