సిరొంచలో వెబ్‌సైట్ పెడితే డబ్బులు ఎటు నుంచి వస్తాయి?

అందరికీ నమస్తే. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ, అంకీసా, అసరెల్లి నుంచి చూస్తున్న వాళ్లకు, ప్రాణహిత అవతల చెన్నూరులో, గోదావరి అవతల కాళేశ్వరం, మహదేవ్‌పూర్‌లో ఉన్న మన చుట్టాలకు కూడా.

మన పిల్లలు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. "అన్నా, వెబ్‌సైట్ పెడితే గూగుల్ యాడ్స్‌తో ఇంట్లో కూర్చుని నెలకు యాభై వేలు వస్తాయంట, నిజమేనా?" ఇలా చెప్పే వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి. యాడ్స్ డబ్బులు వచ్చే మాట నిజమే. కానీ మన తాలూకాలో వాటిని నమ్ముకుని కూర్చుంటే ఇల్లు గడవదు. వెబ్‌సైట్ మనకు ఇంకో దారిలో సంపాదించి పెడుతుంది. ఈ రోజు ఆ దారి గురించి మాట్లాడుకుందాం.

ముందు లెక్క చూద్దాం. మన పేజీలో యాడ్స్ చూపించి అందులో వాటా ఇచ్చే గూగుల్ పథకం పేరు యాడ్‌సెన్స్, అది 2003లో మొదలైంది. తెలుగు పేజీలను తీసుకోవడం మాత్రం 2018 నుంచే. మన ఖాతాలో 100 డాలర్లు జమైతేనే బ్యాంకుకు పంపుతారు. లెక్క కోసం వెయ్యి మంది పేజీ చూస్తే ఒక డాలర్ వస్తుందని అనుకుందాం. అసలు రేటు విషయాన్ని బట్టి, చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ఈ లెక్కన నెలకు 100 డాలర్లు రావాలంటే లక్ష సార్లు పేజీ తెరవాలి. 2011 జనాభా లెక్కల్లో మన గడ్చిరోలి జిల్లా మొత్తం 10 లక్షల 72 వేల మంది. అంటే చంటిపిల్లలతో సహా జిల్లాలో పది పదకొండు మందికి ఒకరు ప్రతి నెలా మీ పేజీ చూడాలి. అందులో మరాఠీ వాళ్లున్నారు, గోండీ వాళ్లున్నారు. మన తెలుగు వాళ్లలో కూడా చాలామంది మరాఠీ మీడియంలో చదివారు. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడతారు, రాసింది చదవమంటే ఆగిపోతారు.

అందుకే చాలామంది తెలంగాణ ఉద్యోగాల వార్తలు, సినిమా కబుర్లు ఎత్తి రాస్తున్నారు. వాటికి ఇప్పటికే వందల సైట్లున్నాయి. కాపీ చేసిన పేజీలను యాడ్‌సెన్స్ తిప్పి పంపుతుంది. పైగా మామూలు ప్రశ్నలకు గూగుల్ తానే పైన జవాబు రాసి చూపిస్తోంది, ఇక మీ పేజీ దాకా వచ్చేదెవరు?

మరి ఏం రాయాలి? మన చేతిలో ఉన్నది, హైదరాబాద్ వాళ్లకూ ముంబై వాళ్లకూ పట్టనిది రాయాలి. మహారాష్ట్ర ప్రభుత్వ పనులు తెలుగులో చెప్పేవాళ్లు కావాలి.

సాత్ బారానే, అంటే భూమి ఎవరి పేరున ఎంత ఉందో చూపే కాగితాన్నే తీసుకోండి. ప్రభుత్వ భూమి రికార్డుల సైట్ మహాభూలేఖ్‌లో ఉచితంగా కనిపించేది చూసుకోవడానికి మాత్రమే. ఆఫీసులో చెల్లేది డిజిటల్ సంతకం ఉన్న కాగితం, దానికి 15 రూపాయలు. ఈ తేడా తెలియక ఉచిత కాగితం ప్రింట్ తీసుకుని బ్యాంకుకు వెళ్లి తిరిగొచ్చే పెద్దమనుషులను చూస్తే నాకు బాధేస్తుంది. ఒక పేజీలో తెలుగులో రాసి పెడితే, పక్కనే రెండు నిమిషాల ఆడియో పెడితే, ఆ తిరుగుడు తప్పుతుంది.

ఇంకొకటి. సాత్ బారాలో భూమి హెక్టార్, ఆర్‌లలో ఉంటుంది. మన తాతలు, నది అవతలి చుట్టాలు ఎకరాలు, గుంటల్లో మాట్లాడతారు. ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, ఒక గుంట 101 చదరపు మీటర్ల పైచిలుకు. కాబట్టి ఆర్‌లను దాదాపు గుంటలుగానే లెక్కపెట్టుకోవచ్చు. 1 హెక్టార్ 20 ఆర్ అంటే సుమారుగా 2 ఎకరాల 38 గుంటలన్నర. అంకె కొడితే ఈ లెక్క చేసి చూపే చిన్న పేజీ తయారు చేయడం కంప్యూటర్ నేర్చుకుంటున్న పిల్లాడికి ఒక్క పూట పని. పంపకాలప్పుడు ప్రతి ఇంట్లో అది తెరుస్తారు.

ఈ-పీక్ పాహణీ, అంటే ఫోన్‌లో పంట నమోదు సంగతి ఇంకా ముఖ్యం. 2021 నుంచి మహారాష్ట్రలో రైతే పొలంలో నిలబడి, ఫోన్‌లో పంట ఫోటో తీసి నమోదు చేయాలి. అది లేకపోతే పంట అమ్ముకునేటప్పుడు, నష్టపరిహారం వచ్చేటప్పుడు ఇబ్బంది. యాప్‌లో మాటలన్నీ మరాఠీవి. ఏ స్క్రీన్‌లో ఏం నొక్కాలో మన యాసలో చెప్పే పేజీ ఒక్కటి ఉంటే, సీజన్‌లో ఎంతమంది వెతుకుతారో ఆలోచించండి. ఫేర్‌ఫార్ (భూమి పేరు మార్పిడి), వారసుల నమోదు, జాతి దాఖలా (కుల ధ్రువపత్రం), ప్రభుత్వ మహాడీబీటీ సైట్‌లో స్కాలర్‌షిప్... రాస్తూ పోతే తరగదు. ఒక జాగ్రత్త తీసుకోండి. అసలు ప్రభుత్వ సైట్ పేరు గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుందని ప్రతి పేజీలో చెప్పండి, అచ్చం దానిలాగే కనిపించే దొంగ సైట్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు డబ్బు సంగతి. మనకు జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్లు ఉన్నాయి. ఆ పేజీ చదివినవాడు నేరుగా ఆ సెంటర్‌కే వస్తాడు. మంచిర్యాలలో కాపురం ఉంటున్న మన ఆడబిడ్డకు పుట్టింటి భూమిలో వాటా నమోదు కావాలి. ఆమె ఎవరిని అడగాలి? మీ పేజీలో పేరు, ఫోన్ నంబర్ ఉంటే మీకే ఫోన్ చేస్తుంది. ప్రభుత్వ ఫీజు వేరుగా, మీ కూలి వేరుగా రసీదు మీద రాసి ఇవ్వండి. అలా వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు, ఇంకో నలుగురిని పంపుతారు. యాడ్స్ మీద వచ్చేది దాని పైన కొసరు అనుకోండి. గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు పెట్టడానికి పైసా ఖర్చు లేదు, ముందు ఆ పని చేయండి.

తెలుగు టైపింగ్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మన డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో టైప్ చేస్తారు. శుభలేఖలకు, ఫ్లెక్సీలకు అది బాగుంటుంది. కానీ ఆ ఫాంట్ల వెనక ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వెబ్ పేజీలో పెడితే అంతా గజిబిజి అవుతుంది, గూగుల్‌కు అందులో తెలుగు కనిపించదు. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే టైప్ చేయండి, ఫోన్‌లో ఉండే తెలుగు కీబోర్డు చాలు. టైప్ రాకపోతే మైక్ నొక్కి మాట్లాడి, తప్పులు దిద్దుకోండి. పోస్టర్‌గా చేసి బొమ్మ పెట్టేస్తే కూడా దాదాపు ఇదే నష్టం, బొమ్మలో రాసిన మాటలను గూగుల్ చదువుతుందని నమ్ముకోలేం. మనవాళ్లు వెతికేటప్పుడు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి, పేజీ పేరు కింద అలా కూడా ఒక వరుస, మరాఠీలో ఒక వరుస రాయండి.

యాడ్స్ పెట్టుకునేవాళ్లకు రెండు మాటలు. మీ యాడ్ మీరే నొక్కడం, వాట్సాప్ గ్రూపుల్లో "నాది నొక్కు, నీది నొక్కుతా" అనుకోవడం అసలు వద్దు. ఖాతా మూసేస్తారు. అలాగే ఖాతాలో 10 డాలర్లు దాటాక చిరునామా సరిచూడటానికి ఒక పిన్ మామూలు పోస్టులో వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. రిజిస్టర్ పోస్టు కాదు కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టుకోండి. మొదటి పిన్ తయారైన 4 నెలల్లో నమోదు చేయకపోతే యాడ్స్ ఆగిపోతాయి.

డొమైన్ పేరు, అంటే మీ సైట్ చిరునామా మాత్రం మీ ఈమెయిల్‌తోనే, మీ పేరు మీదే కొనండి. సైట్ చేసిచ్చినవాడి పేరు మీద ఉంటే, రేపు అతనితో మాట చెడితే సైట్ కూడా పోతుంది. రెన్యువల్ ధర చాలాసార్లు మొదటి ఏడాది కంటే ఎక్కువ ఉంటుంది, అది కూడా చూసుకుని కొనండి. డబ్బు లేకపోతే గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉచితంగా మొదలుపెట్టండి, ఏం తక్కువ కాదు.

చివరగా ఒక పని చెప్తాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2022లో ప్రాణహిత పుష్కరాలకు, 2025లో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలకు ఎంత జనం వచ్చారో మీరే చూశారు. సిరొంచ వైపు ఘాట్ ఎక్కడుంది, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చోటు ఉందా, కాళేశ్వరం వంతెన మీద రద్దీ ఉంటే బండి ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ తెలుగులో వెతికేవాళ్లు వేలల్లో ఉంటారు. కొత్త సైట్ గూగుల్‌లో పైకి రావడానికి నెలలు పడుతుంది. కాబట్టి జనం వచ్చాక మొదలుపెడితే లాభం లేదు. ఈ ఆదివారం ఫోన్ తీసుకుని ఘాట్ దాకా వెళ్లి, చూసింది చూసినట్టు రాసి మొదటి పేజీ పెట్టండి. లింక్ నాకు పంపితే చదివి, ఏం మార్చాలో చెప్తాను.