చెక్క నేలకు తేమే ప్రాణం, తేమే గండం

సభకు నమస్కారం.

చెక్క నేల అనగానే చాలామంది మొదట అడిగేది ఏ చెట్టు, ఏ రంగు, ఎంత మెరుపు అనే. ఆ సంగతులూ చెబుతాను. కానీ నేను బాగుచేయడానికి వెళ్లిన నేలల్లో చెక్క నాసిరకమై చెడినవి తక్కువ, తేమ లెక్క తప్పి చెడినవి ఎక్కువ. అందుకే నా మాట తేమతో మొదలుపెడతాను.

దుంగను కోసి, బట్టీలో ఆరబెట్టి, చిత్రిక పట్టి, పైన వార్నిష్ పూసినా సరే, చెక్క గాలిలోని తేమను పీల్చుకోవడం, వదలడం మానదు. పీల్చుకున్నప్పుడు పొడవులో పెద్దగా మారదు, వెడల్పులో ఉబ్బుతుంది. ఎంత ఉబ్బుతుందన్నది దుంగను కోసిన తీరును బట్టి కూడా ఉంటుంది. చెట్టు వయసు వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోసిన పలక, మామూలుగా కోసిన పలక ఉబ్బేదానిలో దాదాపు సగమే ఉబ్బుతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా వెడల్పు పలకలు కోరుకునేవారికి నేను ఆ కోతనే సూచిస్తాను.

గట్టిదనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును చెక్కలోకి సగం వరకు దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. పౌండ్లలో చెప్పాలంటే రెడ్ ఓక్‌కు సుమారు 1290, హార్డ్ మేపుల్‌కు 1450, బ్లాక్ చెర్రీకి 950. అయితే ఈ అంకె సొట్టల గురించి చెబుతుందే తప్ప గీతల గురించి చెప్పదు, ఎందుకంటే గీతలు ముందుగా పడేది పైపూత మీదే. కాంక్రీటు మీద వేయాలంటే, ఒకే చెక్కతో చేసిన మందపాటి పలకకంటే, పొరలను ఒకదాని నార మీద మరొకదాని నార అడ్డంగా వచ్చేలా అతికించి చేసిన ఇంజినీర్డ్ పలక మేలు. దాని పైపొర మందమెంతో అడిగి తెలుసుకోండి, రెండు మిల్లీమీటర్ల పొరను మళ్లీ మళ్లీ అరగదీయలేము.

పలకలను ఎన్నాళ్లు ఇంట్లో ఉంచి వేయాలని అడుగుతారు. రోజుల లెక్క కాదు, తేమ మీటరు లెక్క ముఖ్యం. గోడల పూత, రంగులు పూర్తిగా ఆరాక పలకలోనూ, కింది ప్లైవుడ్‌లోనూ కొలవాలి. మూడు అంగుళాలు, అంతకు మించి వెడల్పున్న పలకలైతే రెండింటి మధ్య తేడా 2 శాతం దాటకూడదు. గోడల వెంబడి వదిలిన ఖాళీని స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ, కప్పుతుంది కదా అని పుట్టీతో నింపేవారున్నారు. చెక్క ఉబ్బినప్పుడు ఒదిగే చోటు అదొక్కటే, దాన్ని మూసేస్తే పలకలు మధ్యలో పైకి లేస్తాయి.

ఒక ఇంట్లో ఉదయపు ఏటవాలు వెలుతురులో గుమ్మం దగ్గర వంగి చూస్తే, నేల మొత్తం రేకులా అలలు అలలుగా కనిపించింది. అడ్డంగా వేలు రాస్తే ప్రతి అతుకు దగ్గరా అంచు గోరులా తగిలింది. కింద పైపు కారి, పలకల అడుగు భాగం తడిసి ఉబ్బింది. కారడం ఆపించి, ఇంటివారి తొందర చూసి నేను వెంటనే యంత్రంతో అరగదీసి చదును చేశాను. కొన్ని నెలలకు అడుగు ఆరింది, అవే పలకల అంచులు కుంగి నడుములు లేచాయి. ఓపికగా ఆరనిచ్చి, మీటరు కుదురుకున్నాక చూసి ఉంటే ఆ పలకలు చాలావరకు వాటంతట అవే సర్దుకునేవి. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధిస్తుంది.

సంరక్షణలో ప్రధాన శత్రువు ఇసుక రేణువు. గుమ్మం దగ్గర పట్టా, కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు, రోజూ మెత్తని చీపురు ఉంటే చాలు. తుడిచే గుడ్డను, దాని తడి జాడ నిమిషంలో ఆరిపోయేంత గట్టిగా పిండాలి. ఆవిరితో తుడిచే యంత్రాలు వద్దు. పాలీయూరిథేన్ పూత మీద మైనం రాయకండి, తర్వాత కొత్త పూత పట్టదు.

ఎక్కువగా నడిచే చోట ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టు, కాసేపట్లో ఇంకి చెక్క నల్లబడితే అరిగినట్టు. చెక్క బయటపడకముందే తేలికగా గరుకు చేసి ఒక పూత వేయిస్తే, పూర్తిగా అరగదీసే పని ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. గాలి పొడిబారిన నెలల్లో పలకల మధ్య సన్నని సందులు కనబడితే కంగారుపడి నింపకండి. తేమ పెరగగానే అవి మూసుకుంటాయి, నింపిన పుట్టీ నలిగి పైకి వస్తుంది.