ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కే ముందు ఒక్క నిమిషం: ఎఫ్‌పీఎల్‌లో ఎవర్ని కొనాలి, ఎప్పుడు అమ్మాలి

[స్క్రీన్ మీద: 27 ఆగస్టు 2022, శనివారం. మన టైమ్ రాత్రి 7:30]

నమస్తే అండి. ఈ తేదీ చూడగానే ఫాంటసీ ప్రీమియర్ లీగ్, అదే మన ఎఫ్‌పీఎల్, పాత కాపులకి నవ్వో ఏడుపో ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. తెలియనివాళ్ళకి: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ళతో మనం ఒక ఊహా టీమ్ కట్టుకుంటాం, నిజం మ్యాచ్‌లో వాళ్ళు ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లు. ఒకేసారి మొదలైన రెండు మ్యాచ్‌లు. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, బోర్న్‌మత్. మాంచెస్టర్‌లో సిటీ, క్రిస్టల్ ప్యాలెస్. మా బావమరిది ఆ వారం లివర్‌పూల్ ఆటగాడు సలాని కెప్టెన్‌గా పెట్టాడు. కెప్టెన్ అంటే వాడి పాయింట్లు మనకి రెట్టింపు.

లివర్‌పూల్ 9-0తో గెలిచింది. ఫర్మీనో రెండు కొట్టి మూడు కొట్టించాడు. వాన్ డైక్ కొట్టాడు, ట్రెంట్ కొట్టాడు, ఆఖరికి బోర్న్‌మత్ ఆటగాడు కూడా సొంత వలలో ఒకటి వేసుకున్నాడు. సలాకి మాత్రం గోలూ లేదు, అసిస్టూ లేదు, అంటే ఇంకొకడితో కొట్టించిందీ లేదు. ఊరంతా భోంచేసిన పెళ్ళిలో పెళ్ళికొడుక్కే విస్తరి పడలేదన్నమాట. అదే టైమ్‌లో అవతల సిటీ ఆటగాడు హాలండ్ హ్యాట్రిక్, అంటే మూడు గోల్స్. మావాడి టీమ్‌లో హాలండ్ లేడు.

రాత్రి పదకొండున్నరకి ఫోన్.

"బావా, సలాని పీకేశా. హాలండ్‌ని తెచ్చా."

"ఎలా తెచ్చావురా? వాడు మిడ్‌ఫీల్డర్, వీడు ఫార్వర్డ్ కదా?"

"రెండు ట్రాన్స్‌ఫర్లు చేశా. మైనస్ నాలుగు పడింది. పడనీ."

నాలుగు రోజుల తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద హాలండ్ మళ్ళీ హ్యాట్రిక్. మావాడు గాల్లో తేలాడు. అసలు నష్టం అక్కడే జరిగింది. కోపంలో చేసిన పని కలిసొచ్చేసరికి అదే పద్ధతి అనుకున్నాడు. ఆ సీజనంతా పోయిన వారం ఎవడు కొడితే వాణ్ణి ఈ వారం కొన్నాడు. మే నెల వచ్చేసరికి హిట్లకే, అంటే ఇలాంటి మైనస్ నాలుగులకే, 60 పాయింట్లు సమర్పయామి. మా కుటుంబం మినీ లీగ్‌లో మా అత్తగారి కంటే కింద తేలాడు. ఆవిడ జనవరి తర్వాత యాప్ తెరవలేదు!

ఈ వీడియో ఆ 60 పాయింట్ల గురించి.

[స్క్రీన్ మీద: 15 మంది, 100 మిలియన్ పౌండ్లు]

కొత్తవాళ్ళ కోసం నిబంధనలు గబగబా. చేతిలో 100 మిలియన్లు. 15 మందిని కొనాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒక క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు. వారానికి పదకొండు మంది ఆడతారు, నలుగురు బెంచ్. అలా 38 గేమ్‌వీక్‌లు. వారానికో ఫ్రీ ట్రాన్స్‌ఫర్, అంతకు మించి చేసే ప్రతిదానికీ 4 పాయింట్ల కోత. దాన్నే హిట్ అంటాం. ఏ స్థానంలో ఉన్నవాణ్ణి అమ్మితే ఆ స్థానంలోవాణ్ణే కొనాలి. అందుకే మావాడికి సలా నుంచి హాలండ్‌కి రెండు ట్రాన్స్‌ఫర్లు పట్టాయి.

ఇంకో మాట. ఇది ఉచితంగా ఆడే ఆట, ఎంట్రీ ఫీజు లేదు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది. ఎవరైనా మినీ లీగ్ అని చెప్పి డబ్బులు పంపమంటే ఆ గ్రూపులోంచి లేచి వచ్చేయండి.

సరే, కొనడం దగ్గరికొద్దాం.

అందరూ అడిగే ప్రశ్న "ఎవడు బాగా ఆడుతున్నాడు?" నేను ముందు అడిగేది "ఎవడు ఆడతాడు?" ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 60 నిమిషాలు ఆడితే 2 పాయింట్లు, అంతకంటే తక్కువైతే 1. అసలు దిగకపోతే సున్నా, కానీ సున్నా అయితే మన బెంచ్‌లోవాడు వాడి బదులు వస్తాడు. అందరికంటే ప్రమాదం 85వ నిమిషంలో దిగేవాడు. ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి ఒక్క పాయింట్ తెస్తాడు, మన బెంచ్ మీద గోల్ కొట్టి కూర్చున్నవాణ్ణి లోపలికి రానివ్వడు. కోచ్ పెప్ గ్వార్డియోలా మాంచెస్టర్ సిటీలో వారానికొకణ్ణి మార్చి ఆడించేవాడు, ఆ టీమ్ నుంచి వింగర్లని, అంటే అంచుల్లో ఆడేవాళ్ళని, కొన్నవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. "పెప్ రూలెట్" అనే మాట అలా పుట్టిందే. ఎంత గొప్పవాడైనా సరే, బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా?

[స్క్రీన్ మీద: గోల్‌కి పాయింట్లు. డిఫెండర్ 6, మిడ్‌ఫీల్డర్ 5, ఫార్వర్డ్ 4]

రెండోది, ఆట వాణ్ణి ఏ గాటన కట్టిందో చూడండి. ఒకే గోల్‌కి మిడ్‌ఫీల్డర్‌కి 5, ఫార్వర్డ్‌కి 4. పైగా వాడి టీమ్ అవతలివాళ్ళకి ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే మిడ్‌ఫీల్డర్‌కి ఇంకొకటి. సలా లివర్‌పూల్‌లో ఎక్కువ కాలం మిడ్‌ఫీల్డర్ లెక్కలోనే ఉన్నాడు. 2024-25లో 29 గోల్స్, 18 అసిస్టులు, మొత్తం 344 పాయింట్లు. ఈ ఆటలో అప్పటికి అదే రికార్డు. హాలండ్ 2022-23లో 36 గోల్స్ కొట్టాడు. అతన్ని మిడ్‌ఫీల్డర్‌గా రాసుంటే ఒక్క గోల్స్‌కే ఇంకో 36 పాయింట్లు వచ్చేవి. ఏం చేస్తాం, రాయలేదు.

డిఫెండర్ల సంగతి 2025-26 నుంచి మారింది. అంతకుముందు చిన్న క్లబ్‌ల సెంటర్‌బ్యాక్‌లని, అంటే గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్లని, బెంచ్ మీద దుమ్ము పట్టడానికే కొనేవాళ్ళం. ఇప్పుడు బంతిని అడ్డుకుని దూరం కొట్టే పనులు, అంటే క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిల్స్ కలిపి ఒక మ్యాచ్‌లో 10 చేస్తే 2 పాయింట్లు. ఎవర్టన్ టార్కౌస్కీ లాంటివాళ్ళకి బంతిని తలతో బయటికి కొట్టడమే పని, ఆ పనికిప్పుడు జీతం వస్తోంది. టీమ్ 2-0తో ఓడినా వాళ్ళు ఖాళీ చేతుల్తో రారు. చవకలో కొనేటప్పుడు నేను ముందు ఇదే చూస్తున్నా.

ఇక ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క. పాయింట్ల వెనక పరిగెత్తకండి, పాత్ర మారినవాణ్ణి పట్టుకోండి. మాటల్లో చెప్తే అర్థం కాదు, కోల్ పామర్‌ని చూడండి.

[స్క్రీన్ మీద: కోల్ పామర్, 2023-24]

ఆ సీజన్ మొదట్లో పామర్ ధర ఆటలో 5.0 మిలియన్లు. మాంచెస్టర్ సిటీలో బెంచ్ కుర్రాడు. సెప్టెంబర్ 1న, ట్రాన్స్‌ఫర్ విండో, అంటే క్లబ్‌లు ఆటగాళ్ళని కొనుక్కునే గడువు, మూసుకునే రోజున చెల్సీకి వెళ్ళాడు. ఇది మొదటి సూచన: ఆడే నిమిషాలు పెరుగుతాయి. అక్టోబర్ 7న బర్న్‌లీ మీద పెనాల్టీ వస్తే బంతి పట్టుకుని వెళ్ళి తనే కొట్టాడు. చెల్సీ తరఫున లీగ్‌లో అదే అతని మొదటి గోల్. ఇది రెండో సూచన, చాలా పెద్దది. పెనాల్టీ అంటే పది కొడితే ఏడెనిమిది వలలో పడే అవకాశం. ఆట నడుస్తుండగా అంత సులువైన అవకాశం వారానికొకటి దొరికితే గొప్ప. అలాంటిది 5.0 ధరవాడి చేతికొచ్చింది. అప్పటికి వాడి ఖాతాలో పెద్ద పాయింట్లేం లేవు, పట్టికలో కింద ఎక్కడో ఉంటాడు. ఆ వారం కొన్నవాళ్ళు సీజనంతా కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. చివరికి 22 గోల్స్, వాటిలో 9 పెనాల్టీలే.

2024 ఏప్రిల్ 15న ఎవర్టన్ మీద 6-0 మ్యాచ్ గుర్తుందా? మనకి అర్ధరాత్రి దాటాక వచ్చింది. పామర్ అప్పటికే హ్యాట్రిక్ కొట్టి ఉన్నాడు. ఇంకో పెనాల్టీ వచ్చింది. చెల్సీలోనే ఆడే మదువెకె బంతి పట్టుకుని ఇవ్వనంటాడు, ఇంకో తోటి ఆటగాడు జాక్సన్ నాకంటే నాకని లాగుతాడు, గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ కోసం కొట్టుకున్నట్టే. కెప్టెన్ గాలగర్ వచ్చి బంతి లాక్కుని పామర్ చేతిలో పెట్టాడు. నాలుగో గోల్. పామర్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నవాళ్ళకి ఆ ముప్పై సెకన్లలో బీపీ ఎంత పెరిగిందో నాకు తెలుసు, ఎందుకంటే అందులో నేనూ ఉన్నా. ఆటగాడి పేరు పక్కన ముందు చూడాల్సింది ఇదే: పెనాల్టీ వాడిదా, కార్నర్లు వాడివా, కొత్త కోచ్ వచ్చాక కాస్త ముందుకి జరిగాడా.

ఫిక్చర్ల గురించి, అంటే ఎవరితో ఎప్పుడు మ్యాచ్ అనేదాని గురించి, ఎక్కువ చెప్పను. వచ్చే ఒక్క మ్యాచ్ కాదు, ఐదారు చూడండి. ఏ మ్యాచ్ ఎంత కష్టమో యాప్‌లో పక్కనే రంగులు వేసి ఇస్తాడు. ఆ రంగుల్ని గుడ్డిగా నమ్మకండి, అంతే.

[స్క్రీన్ మీద: హిట్ లెక్క]

ఇప్పుడు అమ్మకం. పెన్ను తీసుకోండి. మైనస్ నాలుగు పెట్టి కొత్త మిడ్‌ఫీల్డర్‌ని తెచ్చారు. అదృష్టం బాగుండి గోల్ కొట్టాడు. ఆడినందుకు 2, గోల్‌కి 5, మొత్తం 7. హిట్ 4 తీసేయండి, 3. మీరు అమ్మేసినవాడు ఏమీ చేయకుండా 90 నిమిషాలు నడిచినా 2 తెచ్చేవాడు. అంటే కొత్తవాడు గోల్ కొడితే మీకు మిగిలింది ఒక్క పాయింట్. మ్యాచ్‌లో బాగా ఆడినవాళ్ళకిచ్చే బోనస్ పాయింట్లు వస్తే ఇంకాస్త, సరే. గోల్ కొట్టకపోతే? అది మా బావమరిదిని అడగండి.

అలాగని హిట్ పాపం కాదు. ఇద్దరికి గాయాలై, బెంచ్ కూడా ఖాళీగా ఉండి, పది మందితో దిగాల్సి వస్తే తీసుకోండి. అక్కడ మీరు భర్తీ చేసేది 2 కాదు, సున్నా. కొన్నవాడు ఒక్క వారానికి కాకుండా ఐదారు వారాలకి ఉంటాడనుకుంటే ఆ 4 కూడా సర్దుకుపోతుంది.

దీనికంటే తెలివైనది ఏమీ చేయకపోవడం. పూర్వం ఫ్రీ ట్రాన్స్‌ఫర్లు రెండే దాచుకోనిచ్చేవాడు. 2024-25 నుంచి ఐదు దాకా దాచుకోవచ్చు. చేతిలో మూడు పెట్టుకుంటే ఫార్వర్డ్‌ని దించి, మిడ్‌ఫీల్డర్‌ని ఎత్తి, మధ్యలో డిఫెండర్‌తో డబ్బు సర్ది, మొత్తం ఒక్క పాయింట్ పోకుండా చేసేయొచ్చు. "ఈ వారం ట్రాన్స్‌ఫర్ చేయలేదు" అని చెప్పుకోవడానికి మనవాళ్ళు ఎందుకో సిగ్గుపడతారు.

అమ్మేటప్పుడు కనపడని ఇంకో కోత ఉంది. మీరు 7.5కి కొన్నవాడు జనం ఎగబడి కొనడం వల్ల 7.8 అయ్యాడు. అమ్మితే ఎంతొస్తుంది? 7.8 అనుకుంటారు. కాదు, 7.6. లాభంలో సగమే మనకిస్తాడు, ఆ సగాన్ని కూడా కిందికి దించి. పడిపోతే మాత్రం నష్టం మొత్తం మనదే, అందులో వాటా లేదు. మళ్ళీ వాణ్ణే కావాలంటే 7.8 పెట్టాలి. సీజన్ మొదట్లో కొన్నవాణ్ణి అలిగి అమ్మి, రెండు వారాలకి బతిమాలి తెచ్చుకోవడం ఎంత ఖరీదో చూశారుగా.

ఈ ధరల భయంతోనే చాలామంది సోమవారమే ట్రాన్స్‌ఫర్ చేసేస్తారు. ధర 0.1 పెరుగుతుందని పరుగు. మంగళ, బుధవారాల్లో యూరప్ మ్యాచ్‌లుంటాయి, కొత్తగా కొన్నవాడు అక్కడ తొడ పట్టుకుని కూర్చుంటాడు. శుక్రవారం కోచ్‌ల ప్రెస్ కాన్ఫరెన్స్‌లు అయ్యేదాకా ఆగండి. 0.1 కోసం ఒక ట్రాన్స్‌ఫర్ పోగొట్టుకోవడం రూపాయి కోసం చెరువులో దిగి చెప్పులు పోగొట్టుకున్నట్టు.

[స్క్రీన్ మీద: నాలుగు చిప్స్]

చిప్స్ అంటే సీజన్‌లో లెక్క ప్రకారం కొన్నిసార్లే వాడుకోనిచ్చే ప్రత్యేక అవకాశాలు: వైల్డ్‌కార్డ్, ఫ్రీ హిట్, బెంచ్ బూస్ట్, ట్రిపుల్ కెప్టెన్. 2025-26లో ఒక్కోటి రెండేసి ఇచ్చాడు, సీజన్ ముందు సగానికి ఒక సెట్, రెండో సగానికి ఒకటి. మొదటి సెట్‌ని అవతలికి మోసుకెళ్ళనివ్వలేదు. వీటికి వేరే వీడియో చేస్తా, ఇందులో పట్టదు.

చివరగా నా సొంత ఘనకార్యం. గేమ్‌వీక్‌లో మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు డెడ్‌లైన్. శనివారం అక్కడ మధ్యాహ్నం 12:30 మ్యాచ్ అంటే డెడ్‌లైన్ వాళ్ళ 11 గంటలు. చలికాలంలో మనకది సాయంత్రం 4:30. మార్చి చివరి ఆదివారం వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి తిప్పుతారు, అప్పుడది 3:30 అవుతుంది. మనం గడియారాలు తిప్పం కాబట్టి మనకి ఆ ధ్యాసే ఉండదు.

2023 ఏప్రిల్ 1. మధ్యాహ్నం సిటీ, లివర్‌పూల్ మ్యాచ్. నా కెప్టెన్ హాలండ్, గజ్జల్లో గాయం, ఆడేది డౌటని వారమంతా చదువుతూనే ఉన్నా. భోంచేసి ఒక కునుకు తీసి, ఇంకా అరగంట ఉంది కదా అని నాలుగింటికి యాప్ తెరిచా. టీమ్ తాళం పడి ఉంది. హాలండ్ ఆడలేదు. సిటీ 4-1తో గెలిచింది. కెప్టెన్ ఆడకపోతే వైస్ కెప్టెన్ పాయింట్లు రెట్టింపవుతాయి కదా, బతికిపోయాం అనుకుని చూస్తే, ఆగస్టులో ఎప్పుడో సరదాకి పెట్టి మర్చిపోయిన డిఫెండర్ ఉన్నాడక్కడ. వాడు తెచ్చింది 1. అది 2 అయింది.

బావమరిది నుంచి మెసేజ్: "బావా, హ్యాపీ ఏప్రిల్ ఫూల్."

వైస్ కెప్టెన్ ఎవరో ఇప్పుడే వెళ్ళి చూడండి. అలారం డెడ్‌లైన్‌కి గంట ముందు పెట్టుకోండి, వేసవిలో అయితే రెండున్నరకి.